లెక్కకు అందని రోగులు: కుటుంబ వైద్యుల ఆడిట్, సహవైద్యుల సమీక్ష

బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల పనితీరును కొలిచే సాధనాలలో క్లినికల్ ఆడిట్ ఒకటి. వైద్యులందరూ ఇందులో పాల్గొనాలన్న ఆలోచనకు 1989 నాటి ‘వర్కింగ్ ఫర్ పేషెంట్స్’ శ్వేతపత్రం ప్రభుత్వ విధానంగా రూపమిచ్చింది. పద్ధతి సరళమైనదే. ఒక ప్రమాణాన్ని ఎంచుకోవాలి. ఎందరు రోగుల విషయంలో అది అమలవుతున్నదో లెక్కించాలి. లోపాన్ని సరిదిద్ది, కొంతకాలానికి మళ్ళీ లెక్కించాలి. ఈ రెండవ లెక్క లేకపోతే మార్పు వచ్చిందో లేదో తెలియదు.

అయితే ఆడిట్ సరిగా జరిగిందని తేల్చేదెవరు? ఈ ప్రశ్నకు శ్రద్ధగా సమాధానం వెదికినవారిలో స్కాట్లండ్ వైద్య విద్యావేత్తలు ముఖ్యులు. శిక్షణలో ఉన్న కుటుంబ వైద్యుల ఆడిట్ నివేదికలను ముందే నిర్ణయించిన అంశాల ప్రకారం మదింపు చేసే పద్ధతిని 1990లలో పశ్చిమ స్కాట్లండ్‌లో రూపొందించారు. తరువాత వృత్తిలో స్థిరపడినవారి ఆడిట్‌లను కూడా శిక్షణ పొందిన సహవైద్యులు చదివి, లిఖితపూర్వకంగా అభిప్రాయం తెలిపే ఏర్పాటు వచ్చింది. దీని ఉద్దేశం శిక్షించడం కాదు, నేర్పడం. పది నిమిషాలలో ఒక రోగిని చూసి పంపవలసిన ఒత్తిడి తెలిసినవారి మాటకు తనిఖీ అధికారి మాటకు లేని విలువ ఉంటుంది. ఆ మేరకు ఇది మేలైన పద్ధతి.

దీని బలహీనత వేరొకచోట ఉంది. సమీక్షకుని ముందు ఉండేది నివేదిక మాత్రమే, వైద్యం కాదు.

కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవారిని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఈ మందు ఎముక మజ్జనూ కాలేయాన్నీ దెబ్బతీయగలదు కనుక, మోతాదు కుదిరిన తరువాత కూడా సుమారు మూడు నెలలకొకసారి రక్తపరీక్ష అవసరం. ఒక క్లినిక్ జాబితాలో ఇటువంటివారు 40 మంది ఉన్నారనీ, లక్ష్యం 90 శాతమనీ అనుకుందాం. మొదటి లెక్కలో 30 మందికి సకాలంలో పరీక్ష జరిగింది. అందరికీ జ్ఞాపిక లేఖలు పంపిన తరువాత, రెండవ లెక్కలో ఆ సంఖ్య 36కు చేరింది. 75 శాతం 90 అయింది, లక్ష్యం నెరవేరింది. నివేదిక స్పష్టంగా ఉంటే సమీక్షకుడు మెచ్చుకోవడానికి అడ్డేమీ లేదు.

మిగిలిన ఆ నలుగురూ ఎవరు? లేఖ చదువుకోలేనివారా, ఇల్లు కదలలేనివారా? ప్రమాదం ఎక్కువగా ఉండేది వారికే కావచ్చు. అసలు జాబితాలోనే లేనివారి సంగతి మరింత తీవ్రమైనది. మందును ఆసుపత్రే నేరుగా ఇస్తూ, ఆ వివరం క్లినిక్ కంప్యూటర్‌లో నమోదు కాకపోతే, ఆ రోగి ఏ శాతంలోనూ కనబడడు. అతనికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చిందని కుటుంబ వైద్యుడు ట్రైమెథోప్రిమ్ రాస్తే కంప్యూటర్ హెచ్చరించదు. ఈ రెండు మందులూ కలిస్తే రక్తకణాల ఉత్పత్తి ప్రాణాపాయం కలిగేంతగా పడిపోవచ్చు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. 2012 డిసెంబరు నుంచి బ్రిటన్‌లో వైద్యులు సాధారణంగా ఐదేళ్ళకొకసారి రీవ్యాలిడేషన్ పొందాలి. వైద్యం నాణ్యతను పెంచడానికి చేసిన కృషికి సాక్ష్యంగా ఆడిట్‌ను అందులో చూపవచ్చు. నేర్చుకోవడానికి రాసిన కాగితమే అర్హతకు రుజువైనప్పుడు, కష్టమైన విషయాన్ని ఎంచుకునే సాహసం తగ్గుతుంది. నివేదికను నేర్పుగా రాయగలవారికి అనుకూలత పెరుగుతుంది. అక్కడ పనిచేస్తూ ఈ నివేదికలను రాసే, చదివే తెలుగు వైద్యులకు కూడా ఇది పరిచితమైన ఇబ్బందే.

దీనికి సమీక్షను వదులుకోవడం పరిష్కారం కాదు. అది అడిగే ప్రశ్నలు మారాలి. జాబితాను ఎలా తయారు చేశారు? ఆసుపత్రి లేఖలతో సరిపోల్చారా? లక్ష్యానికి అందనివారిని ఒక్కొక్కరిగా పరిశీలించారా? 2016లో స్కాట్లండ్ పాయింట్ల లెక్కన చెల్లించే పద్ధతిని విడిచి, ఇరుగుపొరుగు క్లినిక్‌లను క్లస్టర్లుగా కలిపింది. నాణ్యత గురించి సహవైద్యులు కలిసి చర్చించుకునే వేదిక అక్కడ ఇప్పటికే ఉంది. శాతాలతో పాటు ఆ శాతాలలో చేరనివారి గురించి కూడా అక్కడ మాట్లాడుకోగలిగితే, సమీక్ష నివేదికను దాటి రోగి దాకా చేరుతుంది.