పాత కోడ్‌కు చోటుండాలి, చాటు ఉండకూడదు

ఈ వారం జహీరాబాద్‌లో కంటపడ్డ సీ ల్యాబ్ రికార్డులు మళ్లీ చిరాకు పెట్టాయి. టర్బో సీ నాటి కోనియో హెడర్, వాయిడ్ మెయిన్, గెట్స్ అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కంపైలర్లు పాతవాటిని భరించడం వల్లే ఇదంతా, ఒక్కసారిగా తీసేస్తే పీడ వదులుతుంది అనిపించడం సహజం. భద్రత విషయంలో నా పట్టుదల ఈ శీర్షిక పాఠకులకు తెలిసిందే. గెట్స్‌నే చూడండి. ఇన్‌పుట్ ఎంత పొడవున్నా హద్దు చూడకుండా మెమరీలో రాస్తూ పోతుంది. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వార్మ్ వాడుకున్న దారుల్లో అదొకటి. సీ స్టాండర్డ్ దాన్ని తొలగించింది మాత్రం 2011లో.

అయినా పాతవన్నీ తీసిపారేయాలన్న వాదన నిలవదు. 1990ల చివర వైటూకే పనికోసం అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్లిన తెలుగువాళ్లు దిద్దింది దశాబ్దాల నాటి ప్రోగ్రాములను. పాత వాక్యాలను కంపైలర్ ఒప్పుకోకపోతే, సంవత్సరానికి రెండంకెల బదులు నాలుగంకెలు పెట్టడానికి కూడా ఎంతో కోడ్ తిరగరాయాల్సి వచ్చేది. గోటూ ఎటు వెళ్లాలో ప్రోగ్రాం నడుస్తుండగానే మార్చే ‘ఆల్టర్’ను కోబాల్ 2002 స్టాండర్డ్ తీసేసింది. ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంపైలర్ ఇప్పటికీ దాన్ని అంగీకరిస్తుంది, అదే న్యాయం. కొత్తగా ఎవరూ రాయకూడని వాక్యమే అది. కానీ సరిగ్గా నడుస్తున్న కోడ్‌ను తిరగరాస్తే కొత్త తప్పులు దూరతాయి.

తప్పు పాతదాన్ని ఉంచడంలో లేదు, చెప్పకుండా ఉంచడంలో ఉంది. ముందుగా ప్రకటించని ఫంక్షన్ పూర్ణాంకమే ఇస్తుందని కంపైలర్ ఊహించుకునే పద్ధతిని సీ స్టాండర్డ్ 1999లోనే వదిలేసింది. జీసీసీ కంపైలర్ దాన్ని ఎర్రర్‌గా మార్చింది 2024లో, 14వ వెర్షన్‌తో. ఆ ఊహ వల్ల 64 బిట్ యంత్రాల మీద పాయింటర్‌లో సగం తెగిపోయి ప్రోగ్రాం కూలిపోవచ్చు. ఇప్పటికీ జీఎన్‌యూ89 అని స్టాండర్డ్ పేరు చెప్పి అడిగితే పాత పద్ధతి దొరుకుతుంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ మహిళా సంఘం వాళ్లు పాత విత్తనాలను దాచేదీ ఇలాగే, పేరు తెలిసి, నేల తెలిసి. ఇలా స్టాండర్డ్ పేరు చెప్పే కంపైలర్ ఫ్లాగులు తెలియని విద్యార్థి ఇబ్బంది పడడా అంటారు. పడతాడు, కానీ ఆ ఎర్రర్ దగ్గర ఆగి కారణం వెతుక్కుంటాడు. చడీచప్పుడు లేకుండా కంపైల్ అయిన తప్పు అతనికేమీ నేర్పదు. సీ ల్యాబ్ చెప్పే అధ్యాపకులకు నా విన్నపం ఒక్కటే: రికార్డు మొదటి పేజీలో ఏ సంవత్సరపు స్టాండర్డో రాయించండి, వార్నింగులన్నీ ఆన్ చేయించండి.