ముందు ఎత్తి చూడండి

కొండపల్లి బొమ్మ కొనడానికి వెళ్లినవాళ్ల చూపు మొదట రంగు మీద పడుతుంది. రంగు సంగతి తర్వాత. ముందు బొమ్మను అరచేతిలో పెట్టుకుని బరువు చూడండి. జానెడు ఏనుగు, దాని మీద అంబారీ, అందులో రాజు, ముందు మావటివాడు. ఇంతమంది ఎక్కి కూర్చున్నా చేతికి బరువే తెలియకపోతే అది పొణికి కర్ర. చల్లగా, బరువుగా తగిలితే అచ్చు పోసిన సుద్ద. నేను మొదటిసారి కొన్న దశావతారాల సెట్టు ఒక పేవ్‌మెంటు కొట్టులోది. ఇంటికొచ్చి సర్దుతుంటే కూర్మావతారం చేజారి తెల్లటి ముక్కలైంది. మిగిలిన తొమ్మిదీ ఇప్పటికీ ఉన్నాయి, నాకు బుద్ధి చెప్పడానికి.

విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, కొండపల్లి కోట కింద బొమ్మల కాలనీ ఉంది. అక్కడి ఆర్యక్షత్రియ కుటుంబాలవారు తమ పూర్వీకులు కొన్ని వందల ఏళ్ల కిందట రాజస్థాన్ నుంచి వచ్చారని చెప్పుకుంటారు. తెల్ల పొణికి కర్రను ఎండబెట్టి, సన్నని సెగ మీద లోపలి చెమ్మంతా లాగేస్తారు. చెమ్మ మిగిలితే తర్వాత కర్ర బీటలిస్తుంది, రంగు పొరలుగా లేస్తుంది. ఆ తర్వాత ఉలి, ఆకురాయి పని. మొండెం ఒక ముక్క, చేతులు వేరు, తల మీద కుండ ఉంటే అదీ వేరు. చాచిన చేతిని మొండెంతో కలిపి ఒకే దుంగలో చెక్కితే కర్ర వృథా, పైగా నార అడ్డంగా తెగి చెయ్యి ఊడుతుంది. అందుకే విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు. దాన్ని మక్కు అంటారు. ఆరాక నునుపు చేసి, తెల్లసున్నం పూత పూసి, మేకవెంట్రుకల కుంచెతో రంగులు వేస్తారు.

ఇది తెలిస్తే బొమ్మలో ఎక్కడ చూడాలో తెలుస్తుంది. చంక కింద, చెవి మొదట్లో, గిట్ట దగ్గర. మంచి పనివాడి మక్కు కంటికి కనబడదు, వేలితో నిమిరితేనే అందుతుంది. తర్వాత ముఖం చూడండి. ఒకే రకం బొమ్మలు రెండు పక్కపక్కన పెడితే కళ్లలో, కనుబొమల్లో వెంట్రుకవాసి తేడా ఉండి తీరాలి. కవలల్లా ఉంటే అనుమానించండి.

ఏటికొప్పాక బొమ్మది వేరే లెక్క. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డు ఊరది. అంకుడు కర్రను తరిమెన (ఇప్పటి మాటలో లేత్ మిషన్) మీద తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలి వంటి చెట్టుచేమల రంగులను అక్కడ మళ్లీ నిలబెట్టినవారిలో ముఖ్యులు సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. కర్ణాటకలోని చన్నపట్నంలోనూ ఇదే కర్ర, ఇదే లక్కపని. కాబట్టి ఏ ఊరిదో చూపుతో తేల్చడం కష్టం. అడిగి తెలుసుకోవాల్సిందే.

ఏటా బొమ్మల కొలువులో ఒక కొత్త బొమ్మ చేర్చే ఆనవాయితీ ఉన్న ఇళ్లకు సేకరణ గురించి చెప్పాల్సిన పని లేదు. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం కనబడిందల్లా కొనకండి. నా ఓటు దశావతారాలకు కాదు, పల్లె బొమ్మలకు. తాడెక్కే గీతకార్మికుడు, రోట్లో దంచే ఆడవాళ్లు, ఎడ్లబండి. అవతారాలు ఎప్పుడైనా దొరుకుతాయి, ఆ రోలూ రోకలీ పిల్లలకు చూపించడానికి బొమ్మల్లోనే మిగిలాయి. కొన్నరోజే అడుగున పెన్సిల్‌తో చేసినవారి పేరు, సంవత్సరం రాయండి. నీళ్లరంగు బొమ్మను తడిగుడ్డతో తుడిచారో, చీర అంచు గుడ్డకు అంటుకుని వస్తుంది. మెత్తటి పొడి కుంచె చాలు. మక్కులో ఉన్నది పిండి, పురుగుకు అది తిండి. పెట్టెలో ఎండిన వేపాకు వేసి, వానాకాలం దాటాక ఒకసారి నీడన గాలికి పెట్టండి.

ఇక బొమ్మలు తెచ్చి అమ్మాలనుకునేవారికి. అమ్ముడయ్యాక డబ్బిస్తానని కళాకారుడి దగ్గర సరుకు తెచ్చుకోవడం వ్యాపారం కాదు, అప్పు. పది బొమ్మలైనా సరే, రొక్కమిచ్చి కొనండి. పొణికి చెట్టు నెమ్మదిగా పెరుగుతుంది, కర్రకు కొరత, అందుకే ధర తగ్గించమని బేరమాడే ముందు కర్రకెంత పడిందో అడగండి. 2021 జనవరి 1 నుంచి పిల్లల ఆటబొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు చేసి అమ్మేవాటికీ, భౌగోళిక గుర్తింపు ఉన్న సరుకును దాని అధీకృత వినియోగదారులు చేసి అమ్మినప్పుడూ మినహాయింపు ఉంది. కాబట్టి ఎవరి దగ్గర కొంటున్నారో వారి గుర్తింపు కార్డు చూసి, బిల్లు దాచుకోండి. 'పురాతన బొమ్మ' అని ప్రకటించే ముందు ఆగండి. 1972 నాటి చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువుల వ్యాపారానికి లైసెన్సు కావాలి, వాటిని విదేశాలకు పంపడం కుదరదు. అమెరికాలో కొలువు పెట్టే మనవాళ్లకు పంపాలంటే కొత్త బొమ్మలే పంపండి. సర్దేటప్పుడు బొమ్మ ఏనుగు దంతాలకూ, తాటి మట్టలకూ విడిగా కాగితం చుట్టడం మరవకండి.

కొలువు సంక్రాంతికే కదా అని జనవరిలో బయల్దేరితే అమ్ముడు పోగా మిగిలినవి దొరుకుతాయి. మనసుకు నచ్చిన సెట్టు చేయించుకోవాలంటే నెలల ముందే బొమ్మల కాలనీకి వెళ్లి చెప్పి రండి.