వార్తలో కర్త ఎక్కడ?

నగరంలో ఘర్షణ జరిగిన మరునాడు మన దినపత్రికలు చెప్పే కారణాలు రెండు మూడు మాటల్లో ఇమిడిపోతాయి: "సంఘవిద్రోహ శక్తులు", "వదంతులు", "కాల్పులు జరపవలసి వచ్చింది". మాటలు తెలుగువే, అచ్చు మాత్రం ఇంగ్లీషు ఏజెన్సీ వార్తది. అనువాదమే వృత్తిగా గలవానికి ఇది చప్పున కంటబడుతుంది.

"జరపవలసి వచ్చింది" అనగానే కాల్చినవాడు తప్పుకున్నాడు. అరబ్బీ వ్యాకరణంలో కర్త కనబడని క్రియను 'మజ్‌హూల్' అంటారు, అనగా తెలియనిది. అక్కడ కర్త స్థానంలో కూర్చునేది దెబ్బతిన్నవాడే! అతనికి 'నాయిబ్ ఫాయిల్', కర్త ప్రతినిధి, అని పేరు. మన వార్తల్లోనూ నేరం చివరికి చనిపోయినవాని మీదికే వస్తుంది.

విశాఖనే తీసుకోండి. 1966 నవంబరు 1న ఇక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ ఒక్కరోజే చూస్తే అవి "అల్లర్లు". కాని ఉక్కు కర్మాగారానికి విశాఖ అనువైనదని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లోనే సిఫారసు చేసింది. కేంద్రం నాన్చింది. 1966 అక్టోబరులో టి. అమృతరావు నిరాహారదీక్షకు కూర్చున్నారు. ఇవి కారణాలు కావా? 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో కర్మాగారాన్ని ప్రకటించారు. అంటే, "అల్లరిమూక" అడిగినదే ప్రభుత్వం ఇచ్చింది! ఆ కర్మాగారం కోసం భూములు పోగొట్టుకున్న నిర్వాసితుల గోడు వేరే కథ. 2021 జనవరిలో వాటాల అమ్మకానికి కేంద్రం ఆమోదించాక కార్మికులు రోడ్డెక్కారు. దానికి "ట్రాఫిక్‌కు అంతరాయం" అన్న శీర్షిక చాలదు.

ఉల్లేఖకుడు ఎవరో తెలియకుంటే హదీసు విద్వాంసులు ఆ ఉల్లేఖనాన్ని బలహీనమన్నారు. అతనినీ 'మజ్‌హూల్' అనే అంటారు. "విశ్వసనీయ వర్గాల భోగట్టా" ఆ పరీక్షకు నిలుస్తుందా? రాత్రి పదింటికి పోలీసు అధికారి చెప్పినదే విలేకరికి దిక్కు, ఒప్పుకుందాం. వారం తరువాత కూడా అదే వాక్యం ఎందుకు అచ్చవుతున్నట్లు?