ఫైళ్ళ రవాణాకు ఫైర్‌వాల్ అడ్డమా? - ఒక పత్ర విమర్శ

ఇంటర్నెట్టు పద్ధతులను వివరించే పత్రాలను ఆర్.ఎఫ్.సి.లు అంటారు. 1994 ఫిబ్రవరిలో వెలువడిన 1579వ పత్రం వాటిలో చిన్నదే. దాని కర్త బెల్ ప్రయోగశాలలకు చెందిన స్టీవెన్ బెలోవిన్. ఫైర్‌వాల్ కాపలాను సడలించకుండా దాని గుండా ఫైళ్ళను తెప్పించుకొనుట ఎట్లాగన్నది ఇందలి విషయం. పత్రం గుణదోషాలు తెలియవలెనంటే ముందు చిక్కు ఎక్కడున్నదో చూడవలెను.

ఫైళ్ళ రవాణా పద్ధతి, అనగా ఎఫ్.టి.పి., 1971 ఏప్రిల్ నాటిది. కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివి అమెరికాలోని ఎం.ఐ.టి.కి వెళ్ళిన అభయ్ భూషణ్ దాని తొలి రూపాన్ని వ్రాసినారు. 1985లో పోస్టెల్, రేనాల్డ్స్ దానికి స్థిరమైన రూపం కల్పించినారు. ఈ పద్ధతిలో దారులు రెండు. ఆజ్ఞలు సర్వరు యొక్క 21వ పోర్టుకు పోవును. ఫైలు రావలసిన దారి వేరు. "నా ఫలానా పోర్టుకు పంపుము" అని క్లయింటు ఆజ్ఞలోనే తెలుపును. 4, 1 అను అంకెలు పంపినచో 4×256+1, అనగా 1025వ పోర్టు అని అర్థం. సర్వరు తన 20వ పోర్టు నుండి అక్కడికి తానే వచ్చి తలుపు తట్టును.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. కచేరీ గేటు వద్దనున్న జవాను లోపలివారిని బయటికి పోనిచ్చును, పిలువని వారిని లోనికి రానీయడు. ఫైర్‌వాల్ ధర్మమూ అదియే. లోపలి మనిషి పిలిచినాడని జవానుకు తెలియదు, తలుపు తట్టువాడు మాత్రం కనిపించును. 20వ పోర్టు నుండి వచ్చువారినందరినీ రానిత్తమన్నచో, ఆ పోర్టును వాడుకొని దొంగ కూడ రావచ్చును.

బెలోవిన్ చెప్పిన ఉపాయం సులభమైనది. కొత్త యంత్రమేదీ అక్కరలేదు. పాత నియమాలలోనే ఉన్న "పాస్వ్" అను ఆజ్ఞను క్లయింట్లు వాడవలెను. అప్పుడు సర్వరు తన పోర్టు సంఖ్యను చెప్పి వేచియుండును. రెండవ దారిని కూడ క్లయింటే తెరచును. ఇక జవానుకు సందేహం లేదు. ఉన్న సాధనంతోనే పని సాధించుట ఈ పత్రం యొక్క గొప్ప గుణం. తరువాతి కాలంలో క్లయింట్లు ఈ మార్గాన్నే విరివిగా అవలంబించినవి.

అయితే ఉపాయం కష్టాన్ని తొలగించలేదు, అవతలి గట్టుకు మార్చినది. సర్వరు కూడ ఫైర్‌వాల్ వెనుకనే ఉన్నచో, ఏ పోర్టు తెరచునో అక్కడి జవానుకు తెలియదు. కొన్ని పోర్టులను ఎల్లప్పుడూ తెరచి ఉంచవలసి వచ్చును. లేదా ఆజ్ఞలను చదివి, చెప్పిన పోర్టును తాత్కాలికంగా తెరచే సహాయక ప్రోగ్రాము కావలెను. చిరునామాలను మార్చే నాట్ యంత్రాల వెనుక సర్వరున్నచో, అది చెప్పిన లోపలి చిరునామా బయటివారికి పనికిరాదు. 1998లో వచ్చిన 2428వ పత్రం జవాబులో చిరునామాను మాని పోర్టును మాత్రమే చెప్పించి, ఈ లోపాన్ని కొంత సరిచేసినది.

ఇంకొక చిక్కు. ఆజ్ఞలను రహస్యలిపిలో పంపే విధానాన్ని 2005లో 4217వ పత్రం వివరించినది. రహస్యలిపి ఉన్నచోట ఆ సహాయక ప్రోగ్రాము గుడ్డిదగును. మాటలు దాచినచో జవాను వినలేడు, వినిపించినచో దొంగ కూడ వినును. రెండు రక్షణలు ఒకదానికొకటి అడ్డు వచ్చినవి.

కావున దోషం బెలోవిన్‌ది కాదు. కంప్యూటర్లు ఒకదానినొకటి నమ్మిన రోజులలో రెండు దారులు వేసిన పాత కట్టడానిది. ఒకే దారిలో, 22వ పోర్టు గుండా, ఆజ్ఞలనూ ఫైళ్ళనూ రహస్యంగా నడిపే ఎస్.ఎఫ్.టి.పి. ఈ తగవును మొదటనే తప్పించినది. 2021లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్లు ఎఫ్.టి.పి.ని విడిచిపెట్టినవి. పాత ఇంటికి మంచి మరమ్మతు ఎట్లా చేయవలెనో, ఆ మరమ్మతు ఎంతవరకు నిలుచునో, రెండూ ఈ చిన్న పత్రం వల్ల తెలియును.