పరిగె ఏరే ఎంజైము: తెలుగు విజ్ఞాన రచనలో పరిశోధన ప్రక్రియ

కీలక పదాలు: విజ్ఞాన రచన, పారిభాషిక పదం, ఎంజైము శుద్ధి, పరిగె, లక్షణ నిరూపణ, యల్లాప్రగడ సుబ్బారావు

1. ఉపోద్ఘాతం

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) గురించి తెలుగులో వెలువడిన వ్యాసాలు, పాఠాలు చాలావరకు ఒకే బాటలో నడుస్తాయి. భీమవరంలో పుట్టుక, కుటుంబంలో పేదరికం, మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించిన కారణంగా తగ్గిన పట్టం, 1923లో బోస్టన్ ప్రయాణం, చివరకు రాని నోబెల్ బహుమతి. ఈ మజిలీల నడుమ ఆయన పరిశోధన ఒక జాబితాగా మిగులుతుంది. చదివినవారికి ఆయనపై గౌరవం కలుగుతుంది, అంతకంటే ఎక్కువగా జాలి కలుగుతుంది. ప్రయోగశాలలో ఆయన రోజంతా ఏం చేసేవారో మాత్రం తెలియదు.

ఇది ఏ ఒక్క రచయిత లోపమూ కాదు. తెలుగు విజ్ఞాన రచన ఫలితాన్ని ప్రకటించడానికి అలవాటుపడింది కాని, ఆ ఫలితానికి దారితీసిన పనిని కథనం చేయడానికి అలవాటుపడలేదు. పారిభాషిక పదాలపై జరిగిన చర్చ కూడా ఎక్కువగా నామవాచకాల చుట్టూనే తిరిగింది. పరిశోధన నడిచేది క్రియలతో. ఒక ఎంజైమును వేరుచేసిన సందర్భాన్ని తెలుగులో చెప్పడానికి పూనుకుంటే ఈ వ్యత్యాసం స్పష్టమవుతుంది.

2. పరిగె, చెరుగు, లక్షణం

విభజన చెందే కణానికి డి.ఎన్.ఎ. ముడిసరుకు కావాలి. దాన్ని చిన్న అణువుల నుంచి కొత్తగా తయారుచేసుకోవడం ఒక మార్గం. విచ్ఛిన్నమైన పాత న్యూక్లియిక్ ఆమ్లాల నుంచి మిగిలిన న్యూక్లియోసైడ్లను ఏరి, వాటికి ఫాస్ఫేటు తగిలించి మళ్లీ వాడుకోవడం రెండోది. ఈ రెండోదానికి ఆంగ్లంలో ఉన్న పేరు ‘సాల్వేజ్’. దీనికి ‘రక్షణ మార్గం’ అన్న అనువాదం సులభంగానే స్ఫురిస్తుంది. కాని చర్చ రోగనిరోధక కణాల గురించి అయినప్పుడు ఆ మాట పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఆ కణాల పనే దేహరక్షణ. కోత అయిన మడిలో రాలిన వెన్నులను ఏరుకోవడాన్ని తెలుగువారు ‘పరిగె ఏరడం’ అంటారు. కణం చేసేది అదే.

అలా పరిగె ఏరే ఎంజైముల్లో ఒకటి డీఆక్సీసైటిడిన్ కైనేజ్. బోమన్, ఎరిక్సన్ అనే పరిశోధకులు ల్యుకేమియా సోకిన మానవ ప్లీహం నుంచి దీన్ని ఏకరూపంగా వేరుచేసి 1988లో ప్రకటించారు. ఈ పనికి వాడే ‘శుద్ధి’ అనే మాట మలినం తొలగించడమనే భావాన్ని కలిగిస్తుంది. నిజానికి ఇక్కడి సమస్య మలినం కాదు, కర్తృత్వం. నలగ్గొట్టిన కణాల రసంలో ఫాస్ఫేటు తగిలించే ఎంజైములు అనేకం ఉంటాయి. వాటిని విడదీయనంతవరకు ఏ పని ఎవరిదో చెప్పడం సాధ్యం కాదు.

ఈ క్రమానికి చేటతో చెరగడం దగ్గరి పోలిక. ఒక్కో దశలో పొట్టు పోతుంది, దానితో కొన్ని గింజలూ పోతాయి. అందుకే ప్రతి దశలోనూ ప్రోటీను ఎంత మిగిలింది, అది చేసే పని ఎంత మిగిలింది అని రెండు లెక్కలు రాసుకుంటారు. ప్రోటీను తగ్గుతున్నకొద్దీ మిల్లీగ్రాముకు జరిగే పని పెరుగుతూ పోవాలి. చివరి దశల్లో థైమిడిన్ ట్రైఫాస్ఫేటును ఎరగా కట్టిన గొట్టం గుండా ద్రవాన్ని పంపుతారు. ఎరను గుర్తించిన ఎంజైము అంటుకుంటుంది, తక్కినవి జారిపోతాయి.

తర్వాతిది లక్షణ నిరూపణ. తెలుగు సాహిత్య విద్యార్థికి ఇది పరాయి విషయం కాదు. ఈ ఎంజైములో సుమారు 30,000 డాల్టన్ల అణుభారం గల రెండు సమాన భాగాలున్నాయి. పేరు డీఆక్సీసైటిడిన్‌కే పరిమితమైనా ఇది డీఆక్సీఎడినోసిన్‌కూ, డీఆక్సీగ్వానోసిన్‌కూ ఫాస్ఫేటు తగిలిస్తుంది. లక్షణ శాస్త్ర పరిభాషలో ఆ పేరుకు అవ్యాప్తి దోషం ఉందన్నమాట. ఆ దోషం కేవలం నామకరణానిది కాదు. ఎడినోసిన్ డీఎమినేజ్ అనే మరో ఎంజైము లోపించిన పిల్లలకు రోగనిరోధక శక్తి ఉండదని 1972లో ఎలోయిస్ గిబ్లెట్ బృందం గుర్తించింది. ఆ పిల్లల్లో పేరుకుపోయే డీఆక్సీఎడినోసిన్‌కు ఫాస్ఫేటు తగిలించి, దాన్ని లింఫోసైట్లకు విషంగా మార్చడంలో ఈ పరిగె ఎంజైముకూ పాత్ర ఉంది. ల్యుకేమియాకు ఇచ్చే సైటరబిన్‌ను క్రియాశీలం చేసేదీ ఇదే. ఈ ఎంజైమును కోల్పోయిన క్యాన్సరు కణాలపై ఆ మందు పనిచేయదు.

3. సుబ్బారావు కథలో రాయని పుటలు

ఈ ఎంజైము తగిలించే ఫాస్ఫేటుకు ప్రధాన దాతల్లో ఒకటి ఎ.టి.పి. దాన్ని 1929లో హార్వర్డులో ఫిస్క్, సుబ్బారావు, జర్మనీలో లోమన్ వేర్వేరుగా వెలుగులోకి తెచ్చారు. సంబంధం అంతటితో ఆగదు. లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం తయారుచేసిన ఎమినోప్టెరిన్‌తో ల్యుకేమియా పిల్లలకు తాత్కాలిక ఉపశమనం లభించినట్లు సిడ్నీ ఫార్బర్ 1948లో నివేదించారు. ఈ మందు కొత్తగా తయారుచేసుకునే మార్గాన్ని మూసేస్తుంది. అప్పుడు కణానికి పరిగె ఒక్కటే ఆధారం. ఆ సూత్రంతోనే లిటిల్‌ఫీల్డ్ 1964లో హైపోజాంథీన్, ఎమినోప్టెరిన్, థైమిడిన్ కలిపిన పోషక ద్రవాన్ని ఉపయోగించి, పరిగె ఏరగల కణాలను మాత్రమే బతికించారు. 1975లో కోలర్, మిల్‌స్టైన్‌లు ఏకరూప ప్రతిరక్షకాలను తయారుచేసిన పద్ధతిలోనూ ఆ ద్రవమే ఉంది. నోబెల్ రాలేదన్న వాక్యానికి దొరికిన చోటు ఈ విషయానికి మన రచనల్లో దొరకలేదు.

విజ్ఞాన చంద్రికా గ్రంథమాలకు ‘జీవశాస్త్రము’ రాసిన ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే, అమెరికా వెళ్లకముందు, సుబ్బారావు అధ్యాపకులుగా పనిచేశారు. తెలుగులో శాస్త్రం రాయాలన్న సంకల్పానికీ, శాస్త్రం చేసిన తెలుగువాడికీ అంత దగ్గరి పరిచయం ఉండేది.

4. ఒక అభ్యంతరం

‘పరిగె’ మాత్రం అందరికీ తెలుసా అని అడగవచ్చు. 2008లో విమానాశ్రయం మొదలైన తర్వాత శంషాబాదు, తొండుపల్లి పరిసరాల్లో పెరిగిన విద్యార్థికి వరికోత కంటే మందుల పెట్టెల రవాణాయే ఎక్కువ పరిచితం. ఆ విమానాశ్రయ సరకు విభాగంలో మందులకు ప్రత్యేకమైన చల్లని గదులున్నాయి. ఈ అభ్యంతరంలో నిజం ఉంది. పల్లెమాట అయినంత మాత్రాన ఏ పదమూ సుబోధం కాదు. అయితే ‘పరిగె’ను ఒక్క వాక్యంలో కంటికి కట్టించవచ్చు, ఎందుకంటే అందులో ఒక చేయి, ఒక మడి, ఒక చర్య ఉన్నాయి. ‘పునరుద్ధరణ’కు వివరణ ఇచ్చినా చూడటానికి ఏమీ ఉండదు.

సుబ్బారావు పేరు నిలిచిన 1925 నాటి పద్ధతినీ ఇలాగే చెప్పవచ్చు. పరీక్షించవలసిన ద్రవంలో ఆమ్లం, మాలిబ్డేటు కలిపి, క్షయకరణం చేసే పదార్థాన్ని చేరుస్తారు. కొద్ది నిమిషాల్లో నీలం తేలుతుంది. ఫాస్ఫేటు ఎంత ఉంటే నీలం అంత చిక్కనవుతుంది. పక్కనే, ఎంత ఫాస్ఫేటు ఉందో ముందే తెలిసిన మరో ద్రవాన్ని అలాగే నీలంగా మార్చి, రెండింటినీ వెలుతురులో పోల్చి చూస్తారు.