నీళ్లు పెట్టని రోజు

ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాస ప్రార్థనలతో గడిపే నలభై దినాల శ్రమకాలం ఈ వారం భస్మ బుధవారంతో మొదలైంది. రోజుకు ఇన్ని అధ్యాయాలు, ఇన్ని గంటల ప్రార్థన అని లెక్కకట్టిన పట్టికలు కూడా ఎప్పటిలాగే మందిరాల గోడలెక్కాయి. నంద్యాల సీమకు ఈ లెక్క కొత్తది కాదు. 1963లో దక్షిణ ఇండియా సంఘంలో నంద్యాల డయాసిస్ ఏర్పడడానికి చాలా ముందే ఇక్కడ పనిచేసిన ఆంగ్లికన్ మిషనరీల సంప్రదాయంలోని 1662 నాటి ప్రార్థన పుస్తకం, నూట యాభై కీర్తనలను ఉదయ సాయంత్రాల వంతులుగా పంచి నెలలో పూర్తిచేయిస్తుంది. మనసున్నా లేకున్నా ఏ రోజు వంతు ఆ రోజు చదవాలనీ, నీళ్లు మరిచిన తోట ఎండినట్టే వంతు తప్పిన భక్తి ఎండుతుందనీ ఈ కాలమ్ పలుమార్లు వాదించింది.

అయితే ఇదే సీమలోని ఆత్మకూరు చుట్టుపక్కల నల్లరేగడిలో మొక్కలు పెంచేవారి అనుభవం ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోదు. ఈ బంకనేల పైన బీటలు వారినా లోపల తేమను పట్టి ఉంచుతుంది. రోజూ తడిపితే వేళ్లు గాలి అందక కుళ్లుతాయి. అందుకే నేల కొంత ఆరాక మళ్లీ తడిపే ఆరుతడి పద్ధతి ఇక్కడ నప్పుతుంది. మల్లె సంగతి మరీ విచిత్రం: చలికాలంలో నీరు ఆపి, ఆకు రాలనిచ్చి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాతే ఎరువు వేసి తడిపితే కొత్త చిగుళ్లతో పాటు మొగ్గలు వస్తాయి, అంటే వేసవి పూతకు ఏర్పాటు ఎండబెట్టడంతోనే మొదలవుతుంది.

శ్రమకాలం లెక్కలోనూ ఆ ఆరుదల ఉంది. భస్మ బుధవారం నుంచి ఈస్టరు ముందు శనివారం దాకా 46 రోజులైనా, ఆరు ఆదివారాలు పునరుత్థాన దినాలు గనుక వాటిని ఉపవాసంలో కలపరు. మార్కు సువార్త 4వ అధ్యాయంలో విత్తినవాడు నిద్రపోతుండగానే విత్తనం అతనికి తెలియకుండా మొలుస్తుంది. అలాగని ఆరుదల అంటే వదిలేయడం కాదు: లూకా 13వ అధ్యాయంలోని తోటమాలి కాయని అంజూరానికి ఇంకొక్క ఏడు గడువడిగి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానంటాడు.

నీళ్లు పెట్టని రోజున కూడా పెరటి మనిషి చెట్టు దగ్గరికి వెళ్లక మానడు. మట్టిలో వేలు దించి తేమ చూస్తాడు, ఆకు తిప్పి పురుగు వెతుకుతాడు. కాబట్టి ప్రార్థన వేళ తప్పరాదన్న పాత పట్టుదలను వదలనక్కర్లేదు గానీ, ఆ వేళంతా మాటలతో, అధ్యాయాలతో నింపి తీరాలన్న పట్టును సడలించాలి. సంఘ కాపరులు ఆ పట్టికల్లో వారానికి ఒకటి రెండు గడులను చదువు లేకుండా మౌనానికి విడిచిపెట్టడం ఈ శ్రమకాలంలోనే సాధ్యమయ్యే పని.