పచ్చదనంలో పసుపు

వర్షారణ్యం కంటికి వెంటనే లొంగదు. పులి కోసం జీపెక్కి తిరిగే ఎండు అడవుల్లో చూపు చాలా దూరం పోతుంది. అక్కడ జంతువు దొరికితే నిండుగా దొరుకుతుంది. ఆనైమలై కొండల మీద, వాల్పారై టీ తోటల మధ్య మిగిలిన అడవిలో అలా కుదరదు. ఆకుల కప్పు మీద కాసే ఎండలో నూటికి ఒకటి రెండు పాళ్లే నేల దాకా దిగుతుంది. ఆ పచ్చటి చీకట్లో కళ్లు తడుముకుంటుంటే చెవులు ముందు మేలుకుంటాయి. ముందు వినికిడి, తర్వాత ఎదురుచూపు, చివర్న దర్శనం. ఈ అడవి అందమంతా ఆ వరుసలోనే ఉందని నా నమ్మకం.

కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగువాళ్లం మేము. అమ్మ, నా భార్య, పాపతో కలిసి చీకటితోనే బయల్దేరాను. ఆళియారు డ్యాం దాటితే ఘాట్ రోడ్డు, 40 హెయిర్‌పిన్ మలుపులు. తొమ్మిదో మలుపు దగ్గర వరైయాడు, అంటే నీలగిరి తార్, రోడ్డు పక్కనే నిలబడి మేస్తోంది. తమిళనాడు రాష్ట్ర జంతువది. పాప చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అంత సులువుగా దొరికిన దర్శనంలో రసం కాస్త పల్చగానే అనిపించింది.

పైకి వెళ్లి కారు దిగగానే ఎవరో ఈల వేశారు. తీరిగ్గా, గమకాలతో, ఏ పాటకీ అందకుండా సాగే ఈల. మనిషి కాదు, మలబార్ విజిలింగ్ త్రష్. నీడలో నల్లగా కనిపించే ఈ పిట్ట, వెలుగు తగిలిన చోట నీలంగా మెరుస్తుంది. అది పాడేది ఆలాపనే. పల్లవి ఎత్తుకుంటుందనుకుంటాం, ఎత్తుకోదు. ఆ అసంపూర్తిలోనే దాని గొప్పతనం.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తడి ఆకులు, జలగలు, కీచురాళ్లు. కథలో ఇలాంటి ఖాళీలను నడిపించగల రచయితలు తక్కువ. అడవికి ఆ విద్య పుట్టుకతోనే వచ్చింది. అప్పుడు దూరంగా ఏదో ఊపిరి బరువుగా తీసి వదిలినట్టు, లయ తప్పని చప్పుడు.

"నానమ్మా, రైలొస్తోందా?"

"కొండ మీద రైలేమిటే! ఉండు, విను."

పాప పోలికకు మించింది నాకు దొరకదు. పెద్ద హార్న్‌బిల్ రెక్కల చప్పుడు అది. ఎగిరే ఈకల మొదళ్లను కప్పే చిన్న ఈకలు రెక్క అడుగున లేకపోవడంతో, గాలి వాటి సందుల్లోంచి దూసుకుపోతూ అలా మోగుతుంది. తమిళులు ఇరువాచ్చి అనే ఆ పక్షి మా తలల మీదుగా వచ్చి మర్రిజాతి చెట్టు మీద వాలింది. నలుపు, తెలుపు, వాటి నడుమ ఒళ్లు ఝల్లుమనిపించే పసుపు.

అద్భుతరసానికి విస్మయం స్థాయి, పసుపు వర్ణం అన్నాడు భరతుడు. నాట్యశాస్త్రంలో ఆ మాట నాకెప్పుడూ ఉత్త జాబితాలా కనిపించేది. ఆ ముక్కును, ఆ శిరస్త్రాణాన్ని చూశాక ఒప్పుకోవాల్సి వచ్చింది. పైగా ఆ పసుపులో చాలా భాగం పక్షి తానే పూసుకుంటుంది. తోక దగ్గరి గ్రంథి నుంచి ఊరే నూనెను ముక్కుకీ, మెడకీ, రెక్కల్లోని తెల్లచారలకీ రాసుకుంటుంది. ఇంత శ్రద్ధగా ఆహార్యం దిద్దుకునే నటుడు రంగస్థలం మీద కూడా అరుదు.

అది పండు తెంపి, గాల్లోకి ఎగరేసి, గొంతులో పట్టుకుంది. నాలుక పొట్టిది కనుక అలా చేయక తప్పదు. కానీ అవసరం ఇంత అందంగా నెరవేరడం చూస్తే దాన్ని కళ అనక ఏమంటాం? ఎర్రటి కన్ను, అంటే మగది. ఈ గూళ్ల కాలంలో ఆడపక్షి చెట్టుతొర్రలో దూరి, సన్నటి చీలిక మినహా వాకిలంతా మూసేసుకుని గుడ్లు పొదుగుతుంది. మగది గొంతు నిండా పండ్లు తెచ్చి, ఒక్కొక్కటీ బయటికి తీసి, ఆ చీలికలోంచి అందిస్తుంది. ఇది నెలల తరబడి సాగే వ్రతం. అలంకారికులు శృంగారాన్ని సంభోగమనీ, విప్రలంభమనీ విడదీశారు. ఈ జంటను ఏ గదిలో ఉంచాలో నాకు తెలియదు.

మధ్యాహ్నం పుదుతోట్టం దగ్గర సింహం తోక కోతులు కనిపించాయి. కాటుక నలుపు ఒళ్లు, ముఖం చుట్టూ వెండి జూలు. పడమటి కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకని జాతి. అవి దాటడానికి రోడ్డుకు పైన చెట్టు నుంచి చెట్టుకు వంతెనలు కట్టారు. ఒక తల్లి పిల్లను పొట్టకు కరుచుకుని ఆ వంతెన మీదుగా నడిచిపోయింది. మా అమ్మ కళ్లు తుడుచుకుంది. అశ్రువు కూడా అద్భుతానికి అనుభావమే.

రసానుభవానికి ఏడు విఘ్నాలు చెప్పిన అభినవగుప్తుడు సెల్‌ఫోన్‌ని చూడలేదు. పక్క కారులోని కుర్రాళ్లు ఫొటో కోసం చిప్స్ పొట్లం ఊపగానే, కొమ్మల్లో ఏలిక లాంటి ఆ జీవి నేల మీదికి దిగి చేయి చాచింది. రసభంగం అనే మాటకు అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

వెళ్లేవాళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి. హార్న్‌బిల్ గూడు చూపిస్తామని ఎవరైనా పిలిచినా దగ్గరికి పోకండి. కింద మనుషులుంటే మగపక్షి వాలడానికి జంకుతుంది, లోపల తల్లీపిల్లలు పస్తుంటాయి. టిఫిను పొల్లాచ్చిలోనే కానివ్వండి. చిరుతిళ్లు కారు డిక్కీలోనే వదిలేసి నడవండి.